ఆ లోయ ఎందుకు ఖాళీగా ఉంది?

అందరికీ నమస్కారం. సినిమా వేసే ముందు కాసేపు మాట్లాడమన్నారు. మైకు చేతికిస్తే నేను ఓ పట్టాన వదలనని తెలిసే ఇచ్చారు కాబట్టి తర్వాత నన్ను అనొద్దు.

స్కాట్లాండ్ చరిత్ర మీద వచ్చే డాక్యుమెంటరీలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకటి చూస్తే పది చూసినట్టే. ముందు డ్రోన్ షాట్: రెండు కొండల మధ్య లోయ, సన్నటి రోడ్డు, పక్కనే సరస్సు, కనుచూపు మేరలో మనిషి జాడ ఉండదు. వెనకాల బ్యాగ్‌పైప్. తర్వాత పొగమంచులోంచి జుట్టు విరబోసుకున్న ఓ ఇరవై మంది కత్తులు దూసి స్లో మోషన్‌లో పరుగెత్తుకొస్తారు, అటు సైన్యం ఆ ఇరవై మందే, ఇటు సైన్యమూ ఆ ఇరవై మందే. మళ్లీ డ్రోన్. ఈసారి ఓ గంభీరమైన గొంతు, ఇది మనిషి చెయ్యి పడని ప్రకృతి అని చెబుతుంది. నాకు ఇవి ఇష్టమే, అబద్ధమెందుకు, రాత్రి అన్నం తింటూ పెట్టుకుంటే హాయిగా ఉంటాయి. కానీ ఆ ఆఖరి మాట దగ్గర మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ లోయల్లో మనుషులు ఉండేవాళ్లు, వాళ్లను వెళ్లగొట్టారు. వీరులకు ఒక ఎపిసోడు, కొండలకు ఇంకో ఎపిసోడు అని విడగొట్టి చూపిస్తారు గానీ మొదటి కథ ఎలా ముగిసిందో తెలియాలంటే ఆ కొండల్నే చూడాలి.

ముందు వీరుల సంగతి. ఇంగ్లండు మీద తిరగబడ్డ స్కాట్లాండ్ యోధుడు విలియం వాలెస్ అనగానే అందరికీ హాలీవుడ్ సినిమా బ్రేవ్‌హార్టే, మొహానికి నీలం రంగు, నడుముకు కిల్టు, అంటే కుచ్చిళ్ల లంగా లాంటి బట్ట. కిల్టు లాంటి బట్ట వాడకంలోకి వచ్చింది 16వ శతాబ్దం చివర్లో, వాలెస్ చనిపోయింది 1305లో. అది పోనీండి, బట్టల దగ్గర సినిమా వాళ్లతో పేచీ ఎందుకు. కానీ 1297 సెప్టెంబర్ 11న జరిగిన స్టిర్లింగ్ వంతెన యుద్ధాన్ని వంతెన లేకుండా తీశారు చూడండి, అది మటుకు నేను క్షమించలేను. గెలిచిందే ఆ వంతెన వల్ల! ఇద్దరు రౌతులు పక్కపక్కన పట్టేంత ఇరుకు చెక్క వంతెన, ఇంగ్లీషు సైన్యంలో కొంత భాగం ఇవతలికి దాటేదాకా ఓపిక పట్టి, అప్పుడు మీద పడి, దాటినవాళ్లను దాటినట్టే నరికేశారు, అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు చూస్తూ ఉండిపోయారు. వాలెస్‌తో సమానంగా సైన్యాన్ని నడిపిన ఆండ్రూ మరే సినిమాలోనే లేడు.

మంచి డాక్యుమెంటరీ అయితే ఇక్కడ ఒక ఉత్తరం చూపిస్తుంది. యుద్ధం గెలిచిన సరిగ్గా నెలకి, అక్టోబర్ 11న, మరే, వాలెస్ ఇద్దరి పేరు మీద జర్మనీలోని ల్యూబెక్, హాంబర్గ్ పట్టణాల వర్తకులకు వెళ్లిన ఉత్తరం అది. అందులో గర్జనలేమీ లేవు. మా రేవులు మళ్లీ తెరుచుకున్నాయి, సరుకులు వేసుకుని రండి, ఇంతే విషయం. వాలెస్ ముద్ర మీద విల్లు ఉంటుంది. దేశాన్ని చేతిలోకి తీసుకున్నవాడికి ముందు పట్టే బెంగ వ్యాపారం గురించే కదా, ఆ ఒక్క కాగితం చూస్తే మనిషి కళ్ల ముందుకొస్తాడు, నీలం రంగు అక్కర్లేదు.

ఇక ఇవాళ్టి సినిమా. కలోడెన్, 1964, తీసింది పీటర్ వాట్కిన్స్, బీబీసీ కోసం. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. బ్రిటన్‌లో డాక్యుమెంటరీకి పునాది వేసిన జాన్ గ్రియర్సన్ స్కాట్లాండ్ వాడే గానీ ఆయన 1929లో తీసింది హెరింగ్ చేపలు పట్టే పడవల మీద, కత్తుల జోలికి పోలేదు. వాట్కిన్స్ కత్తుల జోలికి వెళ్లాడు, కాకపోతే టీవీ వార్తల కెమెరా భుజాన వేసుకుని వెళ్లాడు. 1746 ఏప్రిల్ 16న ఇన్వర్నెస్ దగ్గర కలోడెన్ అనే బురద మైదానంలో యుద్ధం జరుగుతుంటే అక్కడ ఒక రిపోర్టర్ ఉన్నట్టు, సైనికుల దగ్గరికెళ్లి మైకు పెట్టి మాట్లాడించినట్టు తీశాడు. పేరున్న నటులు లేరు, హైలాండర్ల, అంటే స్కాట్లాండ్ ఉత్తరాది కొండ ప్రాంతం వాళ్ల, వేషాలకు ఇన్వర్నెస్ చుట్టుపక్కల వాళ్లనే పెట్టుకున్నాడు. ఆ మొహాలు చూడండి. పళ్లు ఊడినవాళ్లు, చలికి ముక్కు కారుతున్నవాళ్లు, అసలు ఎందుకొచ్చామో తెలియనివాళ్లు.

అటు ప్రభుత్వ సేనాధిపతి కంబర్లాండ్ డ్యూక్, ఇటు బ్రిటన్ సింహాసనం మాదే అంటూ వచ్చిన చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్, ఇద్దరికీ 25 ఏళ్లే. ముందు రోజు కంబర్లాండ్ పుట్టినరోజు, శత్రువు తాగి పడుకుని ఉంటాడు, రాత్రికి రాత్రి వెళ్లి కొట్టేద్దామని చార్లెస్ మనుషులు చీకట్లో బయల్దేరి, సగం దారిలో తెల్లారిపోయేలా ఉందని వెనక్కి తిరిగారు. కడుపులో ఆ రోజంతా తిన్నది ఒక్క బిస్కెట్. ఆ ఒంటితో పొద్దున్నే ఫిరంగులకు ఎదురు నిలబడ్డారు. యుద్ధం గంట కూడా సాగలేదు. చార్లెస్ వైపు చచ్చినవాళ్లూ గాయపడినవాళ్లూ 1,500 నుంచి 2,000 దాకా, ప్రభుత్వం తన వైపు చనిపోయారని చెప్పింది 50 మందిని. ఆ ప్రభుత్వ సైన్యంలో స్కాట్లాండ్ రెజిమెంట్లూ ఉన్నాయి, క్యాంప్‌బెల్ క్లాన్, అంటే ఆ పేరున్న హైలాండ్ వంశం, మనుషులూ ఉన్నారు, కాబట్టి ఇంగ్లీషువాడికీ స్కాట్‌కీ యుద్ధం అని ఎవరైనా చెబితే నమ్మకండి.

వాట్కిన్స్‌తో నాకొక పేచీ ఉంది. ఆయన హైలాండర్లు మరీ పాతకాలం మనుషుల్లా, కత్తి తప్ప మరొకటి తెలియనట్టు కనిపిస్తారు. యుద్ధం అయ్యాక మైదానంలో ఏరిన ఆయుధాల లెక్క కంబర్లాండ్ వైపు వాళ్లే రాసిపెట్టారు: తుపాకులు 2,320, పెద్ద కత్తులు 190. ఆ స్లో మోషన్ ఇరవై మందిని తలుచుకుని ఈ లెక్క ఇంకోసారి వినండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. కలోడెన్‌కి ముందు హైలాండ్ దొర గొప్పతనం ఎంత మందిని యుద్ధానికి తేగలడు అన్నదాన్ని బట్టి ఉండేది. కాబట్టి లోయ నిండా మనుషులు కావాలి, పొలం చిన్నదైనా, శిస్తు అంతంత మాత్రమైనా సరే. ఓటమి తర్వాత పార్లమెంటు ఆ దొరల న్యాయాధికారాలు పీకేసింది, ఆయుధాలు లాక్కుంది, 1747 నుంచి హైలాండ్ దుస్తులు వేస్తే మొదటిసారికి ఆరు నెలల జైలు, రెండోసారికి ఏడేళ్ల ప్రవాసం. ఒక్క సైన్యంలో చేరినవాళ్లకే మినహాయింపు. దాంతో ఆ మనుషులు రాజుగారి రెజిమెంట్లలోకి వెళ్లారు. లార్డ్ మెక్‌లియడ్ అని ఒకాయన, కుర్రతనంలో తండ్రితో కలిసి చార్లెస్ పక్షాన తిరుగుబాటులో దిగి, పట్టుబడి, క్షమాభిక్షతో బతికి బయటపడి, 1777లో తాను ఎదిరించిన ఆ రాజవంశం కోసమే 73వ హైలాండ్ రెజిమెంటును లేపాడు. అది 1780లో దిగింది ఎక్కడనుకున్నారు, మన మద్రాసులో. ఆ సెప్టెంబర్‌లో కంచి దగ్గర పొల్లిలూరులో హైదరలీ, టిప్పుల చేతిలో చావుదెబ్బ తిన్న దళంలో ఈ హైలాండర్లూ ఉన్నారు.

మరి ఇంటి దగ్గర? యుద్ధానికి మనుషులు అక్కర్లేనప్పుడు దొరకి మనిషి కంటే గొర్రె లాభం. చెవియట్ గొర్రెలు పెంచే కౌలుదారుడు ఒక్కడే ఊళ్లన్నీ ఇచ్చేదానికంటే ఎక్కువ శిస్తు కడతాడు. ఉత్తరాన స్ట్రాత్‌నేవర్ అనే లోయలో, సదర్లాండ్ ఎస్టేట్‌లో, 1814లోనూ 1819లోనూ ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. ఇళ్ల దూలాలు కూడా తగలబెట్టారు. చెట్లు పెద్దగా లేని చోట దూలం అంటే తరతరాల ఆస్తి, అది కాలిందంటే మళ్లీ కప్పు వేసుకోలేడు, తిరిగి రాడు. ఎస్టేట్ వ్యవహారాలు చూసిన ప్యాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. వెళ్లగొట్టిన జనాన్ని సముద్రం ఒడ్డున రాళ్ల నేల మీదికి తోశారు. అక్కడ వెలసిన ఒక ఊరి పేరు బెటీహిల్, బెటీ అంటే ఎలిజబెత్‌కి ముద్దుపేరు, ఆ ఎస్టేట్ యజమానురాలు కౌంటెస్ ఎలిజబెత్ పేరే పెట్టారు. పుండు మీద కారం అంటే ఇదే.

మన డ్రోన్ ఎగిరేది సరిగ్గా ఇలాంటి లోయల మీద. ఇళ్లు ఉండేవనడానికి సాక్ష్యం కావాలంటే గెలిచినవాళ్లే తయారు చేసి పెట్టారు. కలోడెన్ తర్వాత ఈ కొండల్ని అదుపులో పెట్టడానికి విలియం రాయ్ అనే ఆయన 1747 నుంచి 1755 దాకా సైన్యం కోసం పటం గీశాడు, ఇళ్లన్నిటికీ ఎర్ర రంగు వేశాడు. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, ఇప్పటి శాటిలైట్ పటాన్ని పక్కన పెట్టుకుని చూడండి, ఎర్ర చుక్కలు గుంపులుగా ఉన్న చోట ఇప్పుడు గడ్డి. గెలిచిన నేలను కొలిచి రాసుకోవడం వాళ్లకు అలవాటే, మన ఊళ్ల కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్ వాడే, లూయిస్ దీవిలోని స్టోర్నోవే ఊరు ఆయనది. ఆయన దగ్గర పనిచేసిన తెలుగువాళ్లు కావలి సోదరులు లేకపోతే ఆయనకు ఆ పని అయ్యేది కాదనుకోండి, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

సినిమా గంటా పది నిమిషాలు ఉంటుంది, నలుపు తెలుపు, ఇంటర్వెల్ లేదు. ఫిరంగి గుండు ఏం చేస్తుందో దాపరికం లేకుండా చూపిస్తాడు కాబట్టి పిల్లల్ని తెచ్చినవాళ్లు వెనక వరుసలో కూర్చుంటే బయటికెళ్లడానికి వీలుగా ఉంటుంది. మొదట్లో ఒక్కో మనిషినీ చూపించి, వాడికి భూమి ఎంత, ఎవరి మాట మీద వచ్చాడు, రాకపోతే వాడి ఇంటికి ఏం పడుతుంది అని చెప్పుకుంటూ పోతాడు, ఆ భాగంలో మటుకు ఫోన్లు చూడకండి. ప్రశ్నలు తర్వాత.