ఆటిజం ఉన్న ఆర్టిస్టుకి పని ఇచ్చేటప్పుడు

అందరికీ నమస్కారం. ఇక్కడ పిల్లల పుస్తకాలు వేసేవాళ్లున్నారు, హైదరాబాద్‌లోని లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో ఓపెన్ మైక్‌లు (ఎవరైనా పేరిచ్చి కాసేపు స్టేజీ ఎక్కే కార్యక్రమాలు) నడిపేవాళ్లున్నారు. ఆటిజం ఉన్నవాళ్లు బొమ్మలు గీస్తూ, పుస్తకాలు రాస్తూ, స్టేజీ మీద నవ్విస్తూ బతకగలరా అని ఇంకా అడుగుతుంటారు. ఆస్ట్రేలియా కమెడియన్ హన్నా గాడ్స్‌బీ 2020లో వచ్చిన ‘డగ్లస్’ షోలో తన ఆటిజం గురించే మాట్లాడారు. స్కాట్లాండ్ కమెడియన్ ఫెర్న్ బ్రేడీకి పెద్దయ్యాక, 2021లో ఆటిజం ఉందని నిర్ధారణ అయింది. 2023లో తన జీవితాన్ని పుస్తకంగా తెచ్చారు. లండన్‌లో ఆటిజం ఉన్న చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ ఒక్కసారి హెలికాప్టర్‌లోంచి చూసిన నగరాన్ని గుర్తుపెట్టుకుని గీస్తారు. ఆయన్ని చూసి అందరి దగ్గరా అలాంటి జ్ఞాపకశక్తి ఆశిస్తే మాత్రం అన్యాయం. చాలామందికి కావలసింది నిలకడగా పని, చెప్పిన తేదీకి డబ్బు.

పని ఎక్కువగా చెడేది మార్పులు చెప్పే దగ్గర. 32 పేజీల బొమ్మల పుస్తకం అనుకోండి. ఆర్టిస్టు స్కెచ్‌లు పంపారు. ఎడిటర్ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు: “బాగున్నాయండీ, పన్నెండో పేజీలో కొంచెం జీవం తగ్గింది, ఒకసారి చూడండి.” ఏం మార్చాలో అందులో ఎక్కడా లేదు. కొందరు ఆ పేజీని మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చుంటారు. కొందరు అక్కడే ఆగిపోతారు, ఫోనూ ఎత్తరు. ఎడిటర్ ఏమో ఆర్టిస్టుకి బాధ్యత లేదనుకుంటారు. అదే సంగతి ఇలా రాయండి: “12వ పేజీ. పాప మొహం మేక వైపు తిప్పండి. వెనక చెట్లు తీసేయండి. రంగులు అలాగే ఉంచండి. శుక్రవారం సాయంత్రం 5లోపు.” అన్ని పేజీలవీ ఒకే మెయిల్‌లో, వరుసగా.

ఎన్నిసార్లు మార్పులు అడుగుతారో ముందే ఒప్పుకోండి. స్కెచ్‌ల దగ్గర రెండుసార్లు, రంగులయ్యాక ఒకసారి చాలు. పుస్తకం సైజు, 300 డీపీఐ (బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే కొలత), సీఎంవైకే (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు), మధ్య మడతలో మొహాలు పడకూడదన్న సంగతి, అన్నీ మొదటి రోజే చెప్పాలి. రంగులన్నీ వేశాక సైజు మారిందంటే ఎవరికైనా విసుగే. అనుకోని మార్పును తట్టుకోవడానికే బోలెడు శక్తి ఖర్చయ్యే మనిషికి ఆ వారమంతా పోయినట్టే.

ఒప్పందంలో “మామూలు షరతులే” అని ఖాళీలు వదిలి సంతకం అడగకండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. రేటు కూడా మీరే ముందు చెప్పండి. బేరం ఆడటం రానివాళ్లకి తక్కువ ఇచ్చి మిగుల్చుకోవడం తప్పు.

ఇక స్టేజీ. స్టేజీ మీద చెప్పే ఐదు నిమిషాల సెట్ కన్నా దానికి ముందు గడిపే గంట కష్టం. కబుర్ల రొద, మొహాన కొట్టే లైటు, ఉన్నట్టుండి మారే వంతు నంబరు. ఎన్నో నంబరో ముందురోజే చెప్పండి, మార్చాల్సి వస్తే అడిగి మార్చండి. స్పీకర్లను మైకు కన్నా ముందుకు, జనం వైపు తిప్పి పెడితే మైకు కీచుమనడం బాగా తగ్గుతుంది. “ఇంకో నిమిషమే” అని చెప్పే లైటు ఎక్కడ వెలుగుతుందో స్టేజీ ఎక్కకముందే చూపించండి. జనం కళ్లలోకి చూడమని పట్టుబట్టొద్దు. వెనక గోడను చూస్తూ చెప్పినా జోకు పేలుతుంది. “ఆటిజం ఉన్నా కూడా…” అని పరిచయం చేస్తే హాలంతా జాలి పడుతుంది, జాలి పడ్డవాళ్లు నవ్వరు. పరిచయ వాక్యం వాళ్లనే రాసివ్వమనండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. అయితే యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) లేనివాళ్లూ ఉంటారు. మార్పులు రాసి పంపడానికి కార్డు చూడాల్సిన పనేముంది?

చివరిగా, జవాబు రాని రోజుల గురించి. బాగా అలసిపోయినప్పుడు కొందరికి మాట్లాడటమే ఆగిపోతుంది. ఫోన్ మీద ఫోన్ చేయకండి. “గడువు సోమవారానికి జరపనా? అవును, కాదు” అని ఒక్క మెసేజ్ పెట్టి, ఒక రోజు ఆగండి.