15 ఏళ్లకూ 50 ఏళ్లకూ మధ్య మన పాత జీపు

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తూ బయట నిలబెట్టిన బండ్లు చూశాను. రెండు మారుతి జిప్సీలు, ఒక మహీంద్రా ఎంఎం 540 జీపు, ఎత్తు బోనెట్ ఉన్న పాత మహీంద్రా జీపు సీజే3బీ ఒకటి. ఒక తమ్ముడు నన్ను ఆపి, తన బండి చూపించి, "సార్, దీనికి ఇప్పుడు ఎంత వస్తుంది? ఇంకో ఐదేళ్లు ఉంచుకుంటే పెరుగుతుందా?" అని అడిగాడు. ఈ రోజు నేను మాట్లాడేదంతా అతనికి జవాబే.

ముందు నా బండి సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక ఎంఎం 540 కొన్నాను. కొత్త రంగు, కొత్త టైర్లు, స్టార్ట్ చేస్తే ఆ ప్యూజో డీజిల్ ఇంజిన్ చప్పుడు. ఇంకేం చూడలేదు, లక్షా ఎనభై వేలు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. రెండు వానాకాలాలు పోయేసరికి పుట్టీ పెచ్చులూడి కింద తుప్పు కనిపించింది. ఫ్లోరంతా కొత్త రేకు వేయించాను. దానికీ బాధపడలేదు. ఆర్సీ రెన్యువల్‌కు వెళ్తే ఛాసిస్ (బండి కింది చట్రం) మీద ఉన్న నంబర్‌లో ఒక అంకె ఆర్సీతో కలవలేదు. దాన్ని సరిచేయించుకోవడానికి ఏడాదిన్నర తిరిగాను. అన్నాళ్లూ ఆ బండిని ఉచితంగా ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు.

విదేశాల్లో ఈ కథ వేరుగా నడుస్తుంది. టొయోటా వాళ్ల జీపు ఎఫ్‌జే40 తయారీ 1984లో ఆగింది. ల్యాండ్ రోవర్ పాత డిఫెండర్ చివరి బండి 2016 జనవరి 29న ఇంగ్లండ్‌లోని సోలిహల్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. అమెరికాలో 25 ఏళ్లు నిండిన విదేశీ బండిని దిగుమతి చేసుకుంటే దానికి అక్కడి భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అందుకే డిఫెండర్‌కు పాతికేళ్లు ఎప్పుడు నిండుతాయా అని అక్కడ కొనేవాళ్లు ఎదురుచూస్తుంటారు. అక్కడ వయసు బండికి తలుపు తీస్తుంది. మన దగ్గర 15 ఏళ్లు నిండగానే కష్టాలు మొదలవుతాయి.

మన లెక్క చూడండి. సొంత వాడకం బండికి 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. మరోవైపు 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. అది 10 ఏళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజువారీ పనికి రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు లాంటి వాటికి మాత్రమే తీయాలి.

జిప్సీ మార్కెట్‌లోకి వచ్చింది 1985 చివర్లో. అంటే మొట్టమొదటి జిప్సీ కూడా 2035 దాకా వింటేజ్ కాదు. ఎంఎం 540లకూ ఇంకా టైముంది. ఈ రూములో ఉన్న చాలామంది బండ్లు 15కీ 50కీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. ఆ 35 ఏళ్లలో వరుసగా ఏడు రెన్యువల్స్ దాటాలి. అన్నీ దాటిన బండికే రేపు ధర పలుకుతుందని నా నమ్మకం. ఒక్కటి తప్పితే బండి షెడ్డులో పడుకుంటుంది, పడుకున్న బండిని తుప్పు తినేస్తుంది.

ఇక్కడ అసలు రూపం, అంటే ఒరిజినల్, అన్న మాట గురించి కాస్త ఆగి చెప్పాలి. పెట్రోల్ ఖర్చు భరించలేక మనవాళ్లు సీజే3బీలో హరికేన్ అనే పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ బిగించుకున్నారు. బతుకుతెరువు కోసం చేసిన పని అది, తప్పు పట్టను. ఆ బోనెట్ అంత ఎత్తుగా ఉన్నది ఆ హరికేన్ ఇంజిన్ పట్టడానికే. అమెరికాలో ఈ మోడల్ 1953లో మొదలై 1968లో ఆగితే, మహీంద్రా ఆ తర్వాత కూడా చాలా కాలం తయారు చేసింది. అలా మన దేశంలో బండ్లు మిగిలాయి, సామాన్లు మిగిలాయి. అసలు పెట్రోల్ ఇంజిన్‌తో ఉన్నవి మాత్రం తగ్గిపోయాయి. అలాంటిది ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఇంజిన్ మార్చకండి. తీసేసిన ఇంజిన్ మూలన పడి ఉంటే పాత ఇనుము వాడికి వేయకండి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెద్ద టైర్లు, కోసిన బాడీ, ఎత్తు పెంచిన సస్పెన్షన్‌కు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు.

ఢిల్లీ బేరాల గురించి చాలామంది అడుగుతున్నారు. అక్కడ డీజిల్ బండికి 10 ఏళ్లు, పెట్రోల్ బండికి 15 ఏళ్లు దాటితే తిప్పకూడదన్న ఆంక్షల వల్ల మంచి జిప్సీలు కూడా తక్కువకు వచ్చాయి. ఎన్ఓసీ, అంటే బండిని మన రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం, చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా కలిపి చూసుకుంటే కొన్నిసార్లు మన ఊరి బండే చవక. హర్యానాలోని మండీ డబ్వాలీ వైపు కట్టించే కొత్త జీపులు చూడముచ్చటగా ఉంటాయి. కాగితాలు అడగండి, చాలావాటికి ఉండవు.

2020లో మహీంద్రా కొత్త థార్, 2023లో మారుతి జిమ్నీ వచ్చాయి. ఏసీ, పవర్ స్టీరింగ్ కావాలనుకున్నవాళ్లు అటు వెళ్లారు. దీనివల్ల మన బండ్ల ధర పడిపోతుందని భయపడేవాళ్లున్నారు. రంగు పూసిన మామూలు బండికి పడుతుందేమో గానీ, కాగితాలు శుభ్రంగా ఉండి, నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్ వీల్ గేర్ పనిచేసే బండికి పడదు. బొర్రా దగ్గర కటికి జలపాతం దారిలో రాళ్ల మీద జీపులు ఎక్కడం చూసినవాళ్లకు ఈ బండి బలం నేను చెప్పక్కర్లేదు.

తమ్ముడూ, నీ బండికి ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పను. టీ విరామంలో ఆర్సీ పట్టుకుని రా. ఒక గుడ్డముక్క, టార్చిలైటు నా దగ్గర ఉన్నాయి. ఛాసిస్ మీద మట్టి తుడిచి, ఒక్కో అంకె కలిపి చూద్దాం.