జల్లెడలో మిగిలిపోయిన రాళ్ళు

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో కాఫీ తోటల పెద్దలు, వెనక అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలు కూర్చున్నారు. మట్టి గురించి మాట్లాడమంటే రేగడి గురించో, డెల్టా ఒండ్రు గురించో చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు. అరకు వచ్చి ఆ పని చేస్తే బాగోదు. ఇక్కడి కొండవాలు దిగి లోయలో కాలు పెట్టే చోట ఉండే నేల సంగతి చెబుతాను. లోతైన నేల, రాళ్ళ నేల, నీరు నిలవని నేల. ఈ మూడు మాటలూ విడివిడిగా మీ అందరికీ తెలిసినవే. మూడూ ఒకేచోట కలిస్తే లెక్కలు ఎలా తలకిందులవుతాయో మాత్రం ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు గాని నాకు తెలిసిరాలేదు.

నా తప్పుతోనే మొదలుపెడతాను. కుర్రతనంలో ఇలాంటి ఒక కొండ కింద చేలో మట్టి నమూనా తీశాను. గునపం వేసిన ప్రతిసారీ రాయి ఖంగుమంటోంది. రాళ్ళు ఏరి గట్టు మీద పడేసి, ఎర్రమట్టిని సంచిలో పోసుకెళ్ళాను. ల్యాబులో దాన్ని ఆరబెట్టి, నలగ్గొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టారు. నా కళ్ళుగప్పి సంచిలోకొచ్చిన గరప కూడా అక్కడ పోయింది. రిపోర్టు వచ్చింది. ఆమ్ల గుణం కొంచెం ఎక్కువుందని సున్నం ఇంత, యూరియా ఇంత అని రాసిచ్చాను. ఆ ఏడు అల్లం మొక్కల్లో కొత్త ఆకులు పాలిపోయాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఇనుము అందని మొక్క అలాగే ఉంటుంది. ఎర్రటి నేలలో ఇనుము అందకపోవడమేంటి? సున్నం ఎక్కువైతే అంతే, కళ్ళెదుట ఇనుమున్నా వేరు తీసుకోలేదు. చూడ్డానికి వెళితే, నేను ఏరిపారేసిన రాళ్ళ కుప్ప ఆ గట్టు మీద ఇంకా అలాగే ఉంది. ఆ రాళ్ళకు కూడా కలిపి నేను సున్నం లెక్కగట్టానన్నమాట.

ఎలాగంటే, పిల్లలు కాస్త రాసుకోండి. ల్యాబు చెప్పేది పీపీఎంలో. అంటే మిలియన్ పాళ్ళ మట్టిలో ఎన్ని పాళ్ళు అని. దాన్ని 2.24తో గుణించి హెక్టారుకు ఇన్ని కిలోలు అంటాం. ఆ 2.24 ఎక్కడిది? హెక్టారు నేలలో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 22.4 లక్షల కిలోలని అనుకుని వేసిన లెక్క అది. ఆ లోతంతా మట్టే అయితే ఆ లెక్క బాగానే ఉంటుంది. కానీ మన చేలో అందులో 40 శాతం రాయి. 2 మిల్లీమీటర్లు దాటినదేదీ పరీక్ష లెక్కలో మట్టి కాదు. కాబట్టి ఉన్న మట్టి 60 శాతమే. పోషకాలూ 60 శాతమే, సున్నం వేయాల్సిందీ 60 శాతానికే. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు ఇక్కడ చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. పన్నెండు అంశాలు చూసి ఇస్తారు. కార్డు తప్పని నేను అనడం లేదు. సంచిలోకి రాని దాని గురించి కార్డు ఏం చెప్పగలదు? చేలో రాయి ఎంతుందో దాని పక్కన మనమే రాసుకోవాలి.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. 40 శాతం అని నేను చెప్పింది జాగా లెక్క, బరువు లెక్క కాదు. మట్టికంటే రాయి బరువెక్కువ. అదే నేలను కాటా మీద పెడితే రాళ్ళ వాటా దాదాపు 58 శాతం చూపిస్తుంది. తూకం చూసి బెంబేలెత్తి "ఇది నేల కాదు, క్వారీ" అన్నవాళ్ళను నేను చూశాను. తూకం వద్దు. ఒక బకెట్ నిండా తవ్విన మట్టి తీసుకోండి, జల్లెడ పట్టండి, మిగిలిన రాళ్ళను కడిగి, అంచులదాకా నీళ్ళు నింపిన అదే బకెట్లో వేయండి. ఎన్ని నీళ్ళు పొర్లితే రాళ్ళు అంత జాగా తిన్నట్టు. పదిలీటర్ల బకెట్లో నాలుగు లీటర్లు పొర్లాయా, 40 శాతం. 35 దాటితే మా సర్వే భాషలో దాన్ని అస్థిపంజరం లాంటి నేల అంటారు. పేరు వినడానికి బాగోదు గానీ సరిగ్గా కుదిరింది. రాళ్ళే ఎముకలు, మట్టి వాటి సందుల్లో ఉన్న కండ.

ఇన్ని రాళ్ళు ఇక్కడికెలా వచ్చాయి? ఏరు తెచ్చిన రాయి దొర్లి దొర్లి గుండ్రంగా, నున్నగా ఉంటుంది. గెడ్డలో చూడండి. ఈ చేలలోది అలా కాదు, కోసుగా ఉంటుంది, ఎటుపడితే అటు తిరిగి ఉంటుంది. అంటే నీళ్ళు తేలేదు, కొండే విదిల్చింది. వాన తడిపి, ఎండ ఆరబెట్టి, చెట్లు కూలి, ఏటవాలు మీద ఏటా కాస్త కాస్త జారి కొండకాలి దగ్గర పోగుపడింది. ఓసారి ఇలాంటి చోట గుంత తవ్విస్తే నడుము లోతులో బొగ్గుముక్కలు కనపడ్డాయి. ఎప్పుడో పైన పోడు కొట్టి కాల్చిన చెట్టు అది. ఆ బొగ్గు మీదున్న మట్టంతా ఆ మంట తర్వాత దిగొచ్చిందే. గుంత గోడ చదవడం వస్తే అందులో ఊరి చరిత్ర కూడా ఉంటుంది.

ఇక్కడ ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. కోందు ఆదివాసుల పేరు మీద పెట్టిన పేరు. కోణార్క్ సూర్య దేవాలయాన్ని 13వ శతాబ్దంలో ఈ రాతితోనే కట్టారు. అక్కడి శిల్పాల ముక్కూచెవులు అరిగిపోయి ఉండటం చూసే ఉంటారు. ఉప్పుగాలికి, వానకు ఆ రాయి ఓర్చుకోలేకపోయింది. అక్కడ అందరం అయ్యో అనుకుంటాం. ఇక్కడ మాత్రం అలా అరగబట్టే మనకు అన్నం. అందులోని ఒక ఖనిజం కరిగి తెల్ల బంకమన్ను అవుతుంది. గార్నెట్ అనే ఇంకో ఖనిజంలోని ఇనుము తుప్పుపట్టి మొత్తానికి ఎర్రరంగు పులుముతుంది. స్ఫటికం మాత్రం మొండిది, గరపగా మిగిలిపోతుంది.

అందుకని రాయి అంటే అన్నీ ఒకటే అనుకోకండి. చాకుతో గీకి చూడండి. గీత పడకపోతే అది స్ఫటికం, దాంట్లో చుక్క నీరు పట్టదు. చాకు దిగి పొడి రాలితే అది సగం పుచ్చిన ఖోండలైట్. అది కొంత నీరు పట్టి ఉంచుతుంది, సన్నవేళ్ళు దాని పగుళ్ళలోకి దూరి తాగుతాయి. నేను ఇందాక చెప్పిన 60 శాతం లెక్క గట్టి రాళ్ళకే అచ్చంగా వర్తిస్తుంది. మెత్తరాయి ఎక్కువుంటే నీటి విషయంలో మీ నేల ఆ లెక్కకంటే కొంచెం నయం.

ఇప్పుడు నీరు. ఒక మీటరు లోతు గరువు మట్టి మొక్కకు అందేలా సుమారు 150 మిల్లీమీటర్ల నీరు దాచుకుంటుందనుకుందాం. 40 శాతం రాయి పోతే 90. మొక్క రోజుకు నాలుగున్నర మిల్లీమీటర్లు తాగితే, 33 రోజులు రావాల్సిన నీరు 20 రోజులకు ఖాళీ. అదీ అడుగంటా తాగితే! మొక్క దానికంటే చాలా ముందే వాడుతుంది. మరి ఇంత వాన పడే చోట కూడా వేసవిలో మీ కాఫీకి టెన్షన్ ఎందుకో అర్థమైందా? అయితే ఇక్కడే లోతు ఆదుకుంటుంది. మా లెక్కలో మీటరు దాటితే లోతైన నేల, మీటరున్నర దాటితే చాలా లోతైనది. రెండో మీటరులో కూడా మట్టి ఉండి, వేరు అక్కడిదాకా వెళ్ళగలిగితే పైన రాళ్ళు తిన్నది అడుగున తిరిగొస్తుంది. సిల్వర్ ఓక్, మిరియాలు ఎక్కించిన పెద్ద చెట్లు ఆ పని చేస్తాయి. చోడి (రాగి), సామ చేయలేవు, వాటి వేరు పైపైనే. ఒకే చేలో చెట్టు పచ్చగా, పైరు వాడిపోయి ఉందంటే నేల చెడ్డదని కాదు.

నీరు నిలవకపోవడం గురించి ఎక్కువ చెప్పను. గుంత గోడలో మీటరు దాకా ఎరుపు ఒకేలా ఉందా చూడండి. బూడిదరంగు మచ్చలు గానీ, వేళ్ళ వెంట తుప్పు గీతలు గానీ ఉంటే అక్కడ నీరు నిలిచి గాలి ఆడటం లేదు. అడుగున మడిచెక్కల్లో అవి కనిపిస్తాయి, వరికి ఇబ్బంది లేదు. అల్లానికైతే దుంపకుళ్ళు, మిరియానికైతే వేరుకుళ్ళు. కొండ నెత్తిన బాక్సైట్, వాలు మీద రాళ్ళ ఎర్రనేల, అడుగున బూడిదరంగు బంకమట్టి. ఒకే కొండ మీద గొలుసు కట్టినట్టు ఇలా మారే నేలలకు 1935లో మిల్న్ అనే శాస్త్రవేత్త, తూర్పు ఆఫ్రికా కొండలు చూసి, కెటీనా అని పేరు పెట్టాడు. గొలుసు అనే అర్థం. అరకు రైతు ఏ గొలుసులో ఏ పంట వేయాలో ఆ పేరు పుట్టకముందే ఎరుగును. పరీక్షలో మాత్రం మిల్న్ అనే రాయండి, మార్కులొస్తాయి.

నీరు దిగిపోతుంది అంటే మాయమవుతుందని కాదు. కింద ఊటై వస్తుంది. ఊరికి పైపు వేసుకున్న ఊట అదే. యూరియా ఒకేసారి గుప్పితే మొక్క తాగేది కొంతే, మిగతాది మొదటి పెద్దవానకు రాళ్ళ సందుల్లోంచి దిగి ఆ ఊటలోకే పోతుంది. నాలుగు విడతలుగా వేయండి. చాకిరీ ఎక్కువ, ఒప్పుకుంటాను.

ఇక అందరూ అడిగేది: రాళ్ళు ఏరేయాలా? దున్నే చెక్కలో నాగలికి తగిలేవి తీసి, వాలుకు అడ్డంగా గట్టు కట్టండి. ఒడిశాలో గజపతి, రాయగడ వైపు సవరల మెట్ల పొలాలు చూసినవారికి ఆ గట్టు విలువ నేను చెప్పక్కర్లేదు. చెట్ల తోటలో మాత్రం ముట్టుకోవద్దు. నేల మీద వదులుగా పడున్న రాయి వాన దెబ్బ తాను తింటుంది, కింద తడి ఆరనివ్వదు. నున్నగా ఏరేసిన వాలు రెండు వర్షాకాలాల్లో గండ్లు పడటం నేను చూశాను. మట్టి పోయాక కిందనుంచి కొత్త రాళ్ళు తేలాయి. ఏరినవాళ్ళు మళ్ళీ ఏరారు! ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి: తొక్కుడుకు గట్టిపడ్డ బాటలో సిమెంటు చేసినట్టు దిగబడిపోయిన రాయి ఇంకోరకం. అది నీటిని ఇంకనివ్వదు, జారుస్తుంది. అలాంటిచోట రాయిని కాదు, బాటను మార్చాలి.

మైకులో ఇంతకంటే చెప్పడం దండగ. షామియానా వెనక పొద్దున్నే మీటరున్నర గుంత తవ్వించారు. తవ్విన అన్నదమ్ములు ఎన్నిసార్లు గునపం మొన సాగగొట్టుకున్నారో వాళ్ళనే అడగండి. బకెట్, జల్లెడ, చాకు నా దగ్గరున్నాయి. పిల్లలూ, ముందు మీరు దిగండి. పెద్దలు పైనుంచి చూస్తూ, ఈ చేలో రాయి ఎంత శాతం ఉంటుందో తలా ఒక అంకె చీటీ మీద రాయండి. నీళ్ళు పొర్లాక చూద్దాం.