రిసీవర్ చూసి రేడియో కొనండి

అందరికీ నమస్కారం. ఇందాక టీ దగ్గర ముగ్గురు విద్యార్థులు ఒకటే అడిగారు: "మన రిమోట్ కంట్రోల్ బొమ్మ విమానాలకు ఏ రేడియో కొనమంటారు సార్?" నా ఎదురు ప్రశ్న ఒకటే. ఇంకా ఎన్ని విమానాలు కడతారు?

చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. దాని ఆజ్ఞలను విమానంలో అందుకునే రిసీవర్ మాత్రం కట్టిన ప్రతి విమానానికీ ఒకటి కావాలి. పైగా ఫుటాబా వారి ఫాస్ట్, స్పెక్ట్రమ్ వారి డీఎస్‌ఎంఎక్స్, ఫ్లైస్కై వారి ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేసినా ఒకదాని భాష మరొకదానికి రాదు. కాబట్టి ముందు రిసీవర్ ధర ఎంతో, మీ ఊళ్లో దొరుకుతుందో లేదో చూడండి. చానళ్ల సంగతంటారా, అంటే విడివిడిగా ఎన్నిటిని కదిలించవచ్చో ఆ లెక్క, నేర్చుకునేవాడికి ఆరు చాలు. పదహారు చానళ్ల మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

ఒక హెచ్చరిక. దూరం వెళ్తుందని 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు అమ్ముతుంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఆ బ్యాండ్ తెరవలేదు. కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసే మనకు 2.4 ధారాళంగా సరిపోతుంది.

35, 72 మెగాహెర్ట్జ్ రోజుల్లో మా భయమంతా పక్కవాడి గురించే. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ నంబరు ఇద్దరిదీ ఒకటైతే ఒకడు స్విచ్ వేయగానే రెండోవాడి విమానం నేలకు దిగేది, ముక్కు ముందుగా. చానల్ నంబరు రాసిన క్లిప్పు చేతికి వస్తేనే రేడియో ఆన్ చేసేవాళ్లం. 2005లో స్పెక్ట్రమ్ వారి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో డీఎక్స్6 వచ్చాక ఆ భయం క్రమంగా పోయింది. ఇప్పుడు ప్రమాదం విమానం పొట్టలోనే ఉంది.

తేలికైన బాల్సా చెక్కతో కట్టిన నా విమానం ఒకటి గట్టి మలుపులో ఉన్నట్టుండి చెప్పిన మాట వినడం మానేసింది. వారం రోజులు ట్రాన్స్‌మిటర్‌ను తిట్టుకున్నాను. అసలు దోషం కరెంటుది. రెక్కల పలకలను కదిలించే చిన్న మోటార్లు, అంటే నాలుగు డిజిటల్ సర్వోలూ, ఒక్కసారిగా లాగేసరికి, మోటారు వేగాన్ని నడిపే ఈఎస్‌సీలో ఉండి రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటిచ్చే బీఈసీ వోల్టేజీ పడిపోయి, రిసీవర్ కళ్లు తేలేసింది. అది తేరుకునేలోపే నేల వచ్చేసింది. అప్పటి నుంచి ప్రొపెల్లర్ తీసేసి, రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చానల్‌కు వోల్ట్‌మీటర్ తగిలించి, రెండు స్టిక్కులనూ గిరగిరా తిప్పి చూస్తాను. 5 వోల్టులు కాస్తా 4.5 కన్నా దిగిందా, ఆ రోజు ఎగరేయను.

ఇక ఈ రిసీవర్ దగ్గరికి వచ్చి చూడండి. సన్నటి వైరు చివర తొడుగు లేని ముక్క ఉంది కదా, సుమారు 3 సెంటీమీటర్లు. తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, అందులో పావు వంతు ఇది. నిజమైన యాంటెన్నా అంతే, మిగతాదంతా తీగ. పొడవు ఎక్కువైందని దీన్ని కత్తిరించిన మహానుభావులను చూశాను! రెండు యాంటెన్నాలుంటే ఒకదానికొకటి లంబంగా అమర్చండి. యాంటెన్నా కొన వైపు సిగ్నల్ బలహీనం కాబట్టి, విమానం ఎటు తిరిగినా రెండోది అందుకుంటుంది. కార్బన్ గొట్టం పక్కన, బ్యాటరీ కింద మాత్రం పెట్టకండి.

చివరిది ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే ఏం చేయాలో రిసీవర్‌కు ముందే చెప్పి ఉంచడం. సిగ్నల్ పోతే కొన్ని రిసీవర్లు చివరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. మోటారు వేగం పెంచే థ్రాటిల్ సగంలో ఉంటే విమానం అలాగే ఊరి మీదకు పోతుంది. రిసీవర్‌ను ట్రాన్స్‌మిటర్‌తో జత కలిపాక, అంటే బైండ్ చేశాక, సిగ్నల్ పోతే మోటారు ఆగేలా మీరే అమర్చాలి. ఈ బల్ల మీది ట్రైనర్‌కు ప్రొపెల్లర్ తీసేశాను, మోటారు తిరుగుతోంది. ముందు వరుసలోంచి ఎవరైనా వచ్చి ట్రాన్స్‌మిటర్ ఆపండి, ఏమవుతుందో చూద్దాం.