హిప్నోథెరపీకి వెళితే ఏం జరుగుతుంది? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(మాటలు ఒకదానిపై ఒకటి పడిన చోట వినిపించినంత వరకే రాశాం. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్లను తీసివేయలేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. హిప్నోసిస్‌లో ఉన్న ఒక యువతి, చిన్ననాటి సంఘటన ఒకటి ఇన్నేళ్ల తర్వాత గుర్తుకొచ్చిందంటూ తన బంధువుపై ఆరోపణ చేసిన వీడియో ఈ వారమంతా ఫోన్లలో తిరుగుతోంది. ఆ వీడియోలోని నిజానిజాల జోలికి మనం వెళ్లడం లేదు. అయితే ఆ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాక మన మనసు మన అదుపులో ఉంటుందా, ఎదుటివారి వశమైపోతుందా అన్నది అందరినీ వేధిస్తున్న ప్రశ్న. చర్చలో క్లినికల్ సైకాలజిస్టు, న్యాయవాది, పేగు సమస్యకు హిప్నోథెరపీ, అంటే హిప్నోసిస్‌తో చేసే చికిత్స, తీసుకున్న ఉపాధ్యాయురాలు పాల్గొంటున్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాం. డాక్టరు గారూ, మనసు ఎవరి వశంలో ఉంటుంది?

సైకాలజిస్టు: నమస్కారమండీ. అసలు చిక్కంతా ఆ ‘వశం’ అన్న మాటతోనే వచ్చింది. మనం దీన్ని వశీకరణమనీ, సమ్మోహనమనీ, మోహనిద్ర అనీ అంటూ వచ్చాం గానీ చికిత్స గదిలో జరిగేదానికి ఈ మూడూ సరిపడవు. ఇది నిద్ర కాదు. 1840లలో ‘హిప్నాటిజం’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్, నిద్ర అనే అర్థమున్న ఆ గ్రీకు మాట జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందని గ్రహించి, మనసు ఒకే తలంపుపై నిలవడం అన్న అర్థంలో మరో పేరు పెట్టాలని చూశారు, కానీ అప్పటికే పాత పేరు స్థిరపడిపోయింది. చికిత్సకు వచ్చినవారు మెలకువగానే ఉంటారు, మాటలు వింటూనే ఉంటారు. వారి ధ్యాస ఒకచోట నిలిచి, చుట్టూ ఉన్నవన్నీ కాస్త వెనక్కి జరుగుతాయి. మొదటి రోజు ఏం జరుగుతుందంటే…

న్యాయవాది: క్షమించాలి, మొదటి రోజు సంగతి తర్వాత చూద్దాం. ధ్యాస నిలవడం గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఆ స్థితిలో బయటికి వచ్చిన జ్ఞాపకాన్ని పట్టుకుని ఒక మనిషిని దోషిగా నిలబెట్టవచ్చా? అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే దీన్ని పరిశీలించి, హిప్నోసిస్‌లో చెప్పిన జ్ఞాపకాలు మరింత కచ్చితమైనవి కావని, మామూలుగా గుర్తుచేసుకున్నవాటి కంటే తక్కువ నమ్మదగినవిగా కనిపిస్తున్నాయని తేల్చింది. మనిషి తెలియకుండానే ఖాళీలను ఊహతో పూరించుకుంటాడు, పూరించుకున్నదాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అబద్ధమాడే సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకోగలం, కానీ లేనిదాన్ని ఉందని నమ్మిన సాక్షిని ఎలా పట్టుకుంటాం?

వ్యాఖ్యాత: అంటే అదుపు తప్పినట్లే కదా?

సైకాలజిస్టు: జ్ఞాపకాల విషయంలో లాయరు గారితో నాకు భేదం లేదు. బాధ్యత తెలిసిన వారెవరూ పాత సంఘటనలను తవ్వి తీయడానికి దీన్ని వాడరు. నేను చెప్పబోయేది…

న్యాయవాది: వాడరంటున్నారు, మరి ఆ వీడియోలో వాడారు కదండీ! 1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు హిప్నోసిస్‌కు గురైన సాక్షి సాక్ష్యంపై గట్టి ఆంక్షలు పెట్టింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు, ఒక కేసులో హిప్నోసిస్‌కు గురైన నిందితురాలు తన రక్షణ కోసం తానే ఇచ్చే సాక్ష్యాన్ని ఈ ఒక్క కారణంతో పూర్తిగా తోసిపుచ్చకూడదన్నది నిజమే. అయినా ఆ జ్ఞాపకాలు నమ్మదగినవని ఆ కోర్టు కూడా అనలేదు. మళ్లీ చెబుతున్నాను, సమస్య జ్ఞాపకాలదే.

(ఈ విషయాన్నే ఆయన మరో రెండుసార్లు వివరించారు. మొదటి రోజు సంగతి అప్పటికింకా మొదలే కాలేదు.)

వ్యాఖ్యాత: మేడమ్, మీరు స్వయంగా ఆ కుర్చీలో కూర్చున్నారు. మీపై మీకు అదుపు ఉందా?

ఉపాధ్యాయురాలు: ఉందండీ. మొదటి రోజు నన్ను అసలు కళ్లే మూసుకోమనలేదు. దాదాపు గంటసేపు నొప్పి ఎప్పుడొస్తుంది, ఏ మందులు వాడాను, ఏ పరీక్షలు చేయించుకున్నాను అని అడిగి రాసుకున్నారు. రెండోసారి ఊపిరిపై ధ్యాస పెట్టమని, మెట్లు దిగుతున్నట్లు ఊహించమని, పొట్టపై అరచేయి ఉంచి ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నట్లు భావించమని చెప్పారు. పక్కగదిలో ఫోను మోగడం నాకు స్పష్టంగా వినిపించింది. ఎత్తాలనిపించలేదు, అంతే. తర్వాత ఇంట్లో రోజూ రికార్డింగు విని సాధన చేయమన్నారు. పన్నెండు సార్లు వెళ్లాను. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ నొప్పి వస్తుందేమోనన్న భయంతో బడికి సెలవు పెట్టడం మానేశాను.

సైకాలజిస్టు: వింటున్నవారికి అక్కరకొచ్చే భాగం ఇదేనండీ. పేగు సమస్యకు ఈ పద్ధతి ఉపయోగపడుతుందని వైద్యుడు పీటర్ వోర్వెల్ బృందం 1984లో లాన్సెట్ వైద్య పత్రికలో చూపించింది. మందులతో ఏడాది గడిచినా తగ్గనివారికి పరిశీలించదగిన మానసిక చికిత్సల్లో దీన్ని కూడా బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు చేర్చాయి. నొప్పి విషయంలో 1997లో జరిగిన మెదడు స్కాన్ల పరిశోధనలో, నొప్పి బాధించే తీరును మార్చే సూచనలిచ్చినప్పుడు అందుకు సంబంధించిన మెదడు భాగంలో మార్పు కనిపించింది. అంటే ఆ ఉపశమనం రోగి మొహమాటానికి చెప్పే మాట కాదన్నమాట.

వ్యాఖ్యాత: సరే, మరి స్టేజిపై మనుషుల చేత కోడిలా కూయిస్తారు కదా? అక్కడ అదుపు పోయినట్లేగా?

సైకాలజిస్టు: స్టేజిపైకి ముందుకొచ్చేవారు నలుగురిలో ఏదో చేయడానికి సిద్ధపడే వస్తారు. వారిలోనూ త్వరగా స్పందించేవారిని ఏరుకుంటారు. ఈ స్పందన అందరిలో ఒకేలా ఉండదు, దాన్ని కొలవడానికి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1959లోనే ఒక కొలమానం తయారైంది. బాగా స్పందించేవారు కొద్దిమంది, దాదాపు స్పందించనివారూ కొద్దిమందే, ఎక్కువమంది ఈ రెంటికీ మధ్యలో ఉంటారు. కాబట్టి నాకు పట్టలేదంటే నా మనసు బలహీనమనో, పట్టిందంటే నేను తెలివితక్కువవాడిననో అనుకోనక్కర్లేదు…

న్యాయవాది: మెట్లు దిగుతున్నట్లు ఊహించమన్నారని మేడమ్ చెప్పారు కాబట్టి ఊహ గురించి చెబుతున్నాను. 1784లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీ నియమించిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ వంటివారున్నారు. రోగాలు నయం చేస్తుందని మెస్మర్ అనే వైద్యుడు చెప్పిన అయస్కాంత ద్రవం లేనేలేదని, కనిపించిందంతా ఊహ ప్రభావమేనని వారు తేల్చారు. రెండు శతాబ్దాలు దాటాక కూడా మనం ఊహ దగ్గరే ఉన్నాం!

సైకాలజిస్టు: ద్రవం లేదన్నది నిజం. కానీ ఊహ శరీరాన్ని కదిలించగలదని కూడా ఆ పరీక్షల్లోనే బయటపడింది కదండీ. మెస్మర్ తప్పు చెప్పాడని రోగికి కలిగిన ఉపశమనాన్ని కొట్టిపారేస్తామా?

న్యాయవాది: కొట్టిపారేయడం లేదు. ఊహతో నొప్పి తగ్గితే మంచిదే, కానీ ఊహతో సాక్ష్యం పుడితే ఒక కుటుంబం కూలిపోతుంది. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే.

వ్యాఖ్యాత: బలమైన మాట. ప్రేక్షకుల నుంచి ఒక ప్రశ్న: సిగరెట్టు ఒక్క సెషన్‌తో మాన్పిస్తామంటున్నారు, నమ్మవచ్చా?

సైకాలజిస్టు: అలా హామీ ఇచ్చేవారి దగ్గరికి వెళ్లవద్దని చెబుతాను. సిగరెట్టు మాన్పించడంలో మిగతా పద్ధతుల కంటే ఇది మెరుగని చెప్పడానికి తగినంత ఆధారం లేదని, వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. వెళ్లేముందు ఆ వ్యక్తి దేనిలో చదువుకున్నారో అడగండి. మనస్తత్వశాస్త్రమో వైద్యమో చదివి, ఆ తర్వాత హిప్నోసిస్ నేర్చుకున్నవారైతే, ఇది ఎవరికి పనికిరాదో కూడా వారికి తెలిసి ఉండాలి. లేని గొంతులు వినిపించడం, భ్రాంతులు కలగడం వంటి తీవ్ర మానసిక రుగ్మతలున్నవారు ముందుగా మనోవైద్యుణ్ణి కలవాలి. కొందరికి తలనొప్పి, మగత, కాస్త ఆందోళన కలగవచ్చు. అలాగే…

న్యాయవాది: అలాగే తప్పుడు జ్ఞాపకాలు! ఆ జాబితాలో అది మొదట రావాలి, మీరు చివరన పెడుతున్నారు.

సైకాలజిస్టు: నన్ను వాక్యం పూర్తి చేయనివ్వండి, నేను చెప్పబోయిందీ అదే.

న్యాయవాది: కనీసం ప్రతి సెషన్‌నూ రికార్డు చేయాలి, ‘అప్పుడు నీ పక్కన ఎవరున్నారు’ వంటి దారిచూపే ప్రశ్నలు నిషేధించాలి. ఈ రెండూ లేకుండా ఎవరినీ ఆ కుర్చీలో కూర్చోనివ్వకూడదు.

వ్యాఖ్యాత: ఈ రెండు సూచనలు చాలా ముఖ్యమైనవి, తెరపై వేయండి. ఇక చివరగా ఒక్కొక్కరికి ఒక్కో నిమిషం. లాయరు గారూ?

(న్యాయవాది 1982 తీర్పును మరోసారి వివరించారు. సైకాలజిస్టుకు దక్కింది అర నిమిషమే. ఎన్ని సెషన్లు పడతాయి, ఎన్నింటి తర్వాత ఫలితం లేదనుకుని ఆపేయాలి అన్న ప్రశ్నను ఆమె ఎత్తుకున్నారు గానీ జవాబు పూర్తికాలేదు. చర్చ మొత్తంలో ప్రేక్షకులకు ఎక్కువ అవసరమైనది అదేనని మా అభిప్రాయం.)

వ్యాఖ్యాత: మేడమ్, ఒక్క మాటలో చెప్పండి. మధ్యలో భయమేస్తే లేచిపోవచ్చా, లేదా వారు లేపేదాకా అలాగే ఉండిపోవాలా?

ఉపాధ్యాయురాలు: నేను రెండుసార్లు మధ్యలోనే కళ్లు తెరిచానండీ. దగ్గు వచ్చింది. మంచినీళ్లు తాగి మళ్లీ కూర్చున్నాను, వారు ఆపిన చోటు నుంచి కొనసాగించారు.

వ్యాఖ్యాత: అంటే అదుపు కొంతవరకు…

న్యాయవాది: దగ్గు వేరు, జ్ఞాపకం వేరు. నేను అడుగుతున్నది…

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది.

(ప్రసారం ఇక్కడ ఆగింది.)