బిడ్డకు తగ్గింది, మరి తల్లి సంగతి?

(తిరుపతిలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల సమావేశంలో ఒక పిల్లల డాక్టరు ప్రసంగం)

అందరికీ నమస్కారం. బాలింత ఇంట్లోకి మాకంటే ముందు అడుగుపెట్టేది మీరే. అందుకే ఈ మాట మీతోనే చెప్పాలని వచ్చాను.

చాలా ఏళ్ల కిందట చంద్రగిరి వైపు నుంచి ఒకమ్మ నెలన్నర బిడ్డను ఎత్తుకొచ్చింది. బిడ్డ కళ్ల చుట్టూ ఎర్రగా, నుదుటి మీద, మాడు మీద గుండ్రటి మచ్చలు. ఊళ్లో తామర అన్నారట, ఏదో పసరు పూశారు. కామెర్లు పోతాయని రోజూ పొద్దుటెండలో పడుకోబెట్టారు. ఎండ తగిలేకొద్దీ మచ్చలు ఇంకా ఎర్రబడ్డాయి.

స్టెతస్కోపు పెట్టాను. ఆ వయసు బిడ్డ గుండె నిమిషానికి 130, 140 సార్లు కొట్టుకోవాలి. గడియారం చూస్తూ రెండుసార్లు లెక్కపెట్టినా 60 దాటలేదు. పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చని చెప్పగానే ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్లలో మాత్రం తడి లేదు. పక్కనున్న అత్తగారు, "చూడండి సార్, ఏడ్చేదానికి కూడా దీనికి కన్నీళ్లు రావు" అనింది. ఆ మాట నా చెవిన పడింది కానీ మనసుకు ఎక్కలేదు. నా ధ్యాసంతా బిడ్డ మీదే ఉంది. ఇప్పుడంటే పిల్లల గుండె జబ్బులకు 2021 నుంచి శ్రీ పద్మావతి హృదయాలయం మన ఊళ్లోనే ఉంది. అప్పట్లో వెల్లూరుకో చెన్నైకో పంపాల్సిందే. వెల్లూరుకు పంపాను.

ఈ జబ్బును నియోనేటల్ లూపస్ అంటారు. లూపస్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత ఒంటి మీద తిరగబడే జబ్బు. పేరు విని బిడ్డకు అది వచ్చిందని భయపడతారు. నిజానికి ఇది తల్లి రక్తంలోంచి వచ్చింది. మన ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలు కొందరిలో సొంత కణాల మీదే తిరగబడతాయి. వాటిలో రెండింటికి రో, లా అని పేర్లు. బిడ్డకు రక్షణగా తల్లి పంపే మంచి యాంటీబాడీలు మాయ దాటి వెళ్లే దారిలోనే ఇవీ వెళ్తాయి. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు తీసుకెళ్లే తీగ లాంటి భాగాన్ని దెబ్బతీస్తాయి. ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్య, అంటే అయిదారు నెలల కడుపులో జరుగుతుంది. ఆ తీగ పూర్తిగా తెగిపోతే మళ్లీ అతుక్కోదు. ఒంటి మీది మచ్చలు అలా కాదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అరిగిపోయేసరికి, ఆరేడు నెలల్లో అవే పోతాయి. కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించే నాటికి మాడు శుభ్రంగా ఉంటుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తల్లిని మరిచిపోయేది అప్పుడే.

ఇలాంటి బిడ్డల తల్లుల్లో దాదాపు సగం మందికి అప్పటిదాకా ఏ జబ్బూ ఉన్నట్టు తెలియదు. బిడ్డ వల్లనే మొదటిసారి బయటపడుతుంది. వాళ్లలో చాలామందికి తర్వాతి ఏళ్లలో షోగ్రెన్ జబ్బో, లూపసో తేలుతుంది.

చంద్రగిరి అమ్మ మళ్లీ మూడేళ్లకు వచ్చింది, ఆరో నెల కడుపుతో. చేతిలో నీళ్ల సీసా. రెండు మాటలు మాట్లాడి ఒక గుక్క తాగుతోంది. నీళ్లు లేందే సంకటి ముద్ద కూడా గొంతు దిగదంట. ముప్పై ఏళ్లు రాకుండానే పళ్లన్నీ పుచ్చిపోయాయి. కళ్లలో ఇసుక పడినట్టు ఉంటుందనింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ రాని కన్నీళ్లు. షోగ్రెన్ జబ్బు లాలాజలాన్నీ కన్నీటినీ ఎండగడుతుంది. మూడేళ్ల ముందే ఆమెకు రక్త పరీక్ష రాసి ఉండాల్సింది. రాయలేదు. ఆ తప్పు నాదే.

ఒక బిడ్డకు గుండె దెబ్బతిన్నాక తర్వాతి కాన్పులో మళ్లీ రావడానికి నూటికి 16 నుంచి 18 వంతుల అవకాశం ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రను పదో వారం లోపే మొదలుపెడితే అది సగానికి పైగా తగ్గిందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కోవిడ్ రోజుల్లో మనందరం విన్న మాత్రే. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా డాక్టరు సలహాతో వాడొచ్చు. కానీ ముందే తెలియాలి కదా! పదహారో వారం నుంచి కడుపులో బిడ్డ గుండెకు స్కానింగులు కూడా చేయించాలి. ఆమె రెండో బిడ్డ గుండె బాగానే ఉంది. అది వాళ్ల అదృష్టం, నా వైద్యం కాదు.

ఇంకో మాట. గ్రహణం చూసిందనీ, తినకూడనిది తినిందనీ తల్లినే తిడతారు. రో యాంటీబాడీ ఉన్న నూరు మంది గర్భిణుల్లో ఒకరిద్దరి బిడ్డలకే గుండె దెబ్బతింటుంది. ఆమె చేసిన తప్పేమీ లేదని అత్తగారి ముందే, గట్టిగా చెప్పండి. మేం చెప్పినదానికంటే మీరు చెబితే వాళ్లు వింటారు.

ఈసారి ఎవరింట్లోనైనా బిడ్డ కళ్ల చుట్టూ ఎర్రటి వలయాలు కనిపించినా, బిడ్డ గుండె నిదానంగా కొట్టుకుంటోందని ఎవరైనా చెప్పినా, బిడ్డను ఆసుపత్రికి పంపండి. ఎండలో పెట్టొద్దనండి. పాలు మాన్పించొద్దు. తర్వాత తల్లి పక్కన కూర్చోండి. కళ్లు మండుతున్నాయా, నోరెండిపోతోందా, పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు పట్టేస్తున్నాయా, ఎండకు మొహం మీద దద్దుర్లు వస్తున్నాయా, అంతకుముందు గర్భం పోయిందా అని అడగండి. ఏమీ లేదన్నా సరే, ఎంసీపీ కార్డు, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు మీద "తల్లికి రో, లా పరీక్ష" అని రాసి పంపండి.