పతకం అంచు మీద పేరు

శ్రోతలకు నమస్కారం.

పతకం అనగానే మనకు సాహసానికి ఇచ్చే పరమవీర చక్రం వంటివి గుర్తుకు వస్తాయి. ఈనాడు నేను చెప్పబోయేది అటువంటి దాని గురించి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో నెలకొల్పిన బ్రిటిష్ యుద్ధ పతకం కేవలం సేవా పతకం. ఇంటిని, ఊరిని విడిచి రణరంగానికి వెళ్ళి కొలువు చేసినందుకు ఇచ్చినది.

పాత వెండి రూపాయి కంటే కొంచెం పెద్ద బిళ్ళ అది. ఒకవైపు ఐదవ జార్జి చక్రవర్తి ముఖం, రెండవవైపు గుర్రం మీద ఒక దిగంబర వీరుడు, గుర్రపు డెక్కల కింద శత్రువుల గద్ద గుర్తు గల డాలు, ఒక పుర్రె ఉంటాయి. పట్టీ నడుమ నారింజ రంగు, దానికి ఇరువైపులా తెలుపు, నలుపు, చివరన నీలం. అయితే అసలు సంగతి ఈ బొమ్మలలో లేదు. బిళ్ళను నిలబెట్టి అంచును వెలుతురు వైపు తిప్పితే సిపాయి నంబరు, హోదా, పేరు, దళం చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలలో అచ్చు గుద్ది కనిపిస్తాయి. ఆ అక్షరాలు చదవలేని చేతులకే అనేక పతకాలు చేరాయి.

లోహంలోనూ ఒక తేడా ఉంది. దాదాపు 65 లక్షల పతకాలు వెండివి కాగా, సుమారు 1,10,000 మాత్రం కంచువి. భారతీయ, చైనా, మాల్టా కూలి దళాలవంటి వాటిలో పనిచేసినవారికి ఈ కంచు పతకాలు దక్కాయి. బొమ్మ అదే, చక్రవర్తి ముఖమూ అదే. తుపాకీ పట్టినవాడికి వెండి, బరువు మోసినవాడికి కంచు! మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు, భారతదేశం నుంచి వెళ్ళిన సుమారు 5,90,000 మందిలో దాదాపు సగం మంది పోరాట దళాలకు చెందనివారేనని గుర్తుంచుకుంటే, ఈ తేడా ఎంతమందిని తాకిందో ఊహించవచ్చు.

ఆ ఎడారికి మన తెలుగువారూ వెళ్ళారు. నదుల మీద వంతెనలు కట్టి, బాటలు వేసే మద్రాస్ శాపర్స్ దళంలో తెలుగువారికి మొదటినుంచీ చోటుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి కూడా ఆ యుద్ధానికి మనుషులు కదిలారు. అది నేటికీ మిలటరీ మాధవరమే.

వెండి పతకంలో పాత లెక్కన దాదాపు రెండున్నర తులాల వెండి ఉంటుంది. కరువు వచ్చిన ఏడు అది కంసాలి కుంపటిలోకి పోయి ఉంటే ఆ ఇంటివారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కంచుకు ఆ గండం తక్కువ.

యుద్ధంలో మరణించినవారి పతకాలను వారసులకు పంపారు. ఇక ఇరాక్‌లోని బస్రా నగరంలో 1929లో ఆవిష్కరించిన స్మారకం మీద, సమాధి తెలియని 40,000 మందికి పైగా మృతులను స్మరించారు. అందులో భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయిలను దళాల వారీగా లెక్క కట్టి, ‘ఇంకా ఇంతమంది’ అన్నట్టు అంకెతో సరిపెట్టారు. ఈ వివక్షను కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో అంగీకరించి, క్షమాపణ చెప్పింది. అంత పెద్ద రాతి గోడ మీద అంకెలో ఒకడైపోయిన మనిషికి, ఊళ్ళో పెట్టె అడుగున ఉన్న బిళ్ళ అంచు మీద మాత్రం పూర్తి పేరు ఉంది.

నమస్కారం.